కోసి చూసిన గొర్రె

ఆంత్రాక్స్, అంటే మా వైపు దొమ్మ రోగం. దాని విషం ఒక్కో కణాన్ని ఎలా చంపుతుందో ప్రయోగశాలలో చూడటమే నా ఉద్యోగం. మా బాపు రఘునాథపల్లి దగ్గర గొర్లు కాస్తాడు. నిరుడు వానలు మొదలయ్యాక ఒక పొద్దున ఫోన్ చేశాడు.

"బిడ్డా, మంచిగున్న గొర్రె ఉన్నట్టుండి పడి సచ్చింది."

పనిలో ఉన్నాను. "దేనితోటి సచ్చిందో చూడు బాపు, మళ్ల చేస్త" అని విసుగ్గా పెట్టేశాను.

గొర్రె ఎందుకు చచ్చిందో చూడమంటే మా వాళ్లకు ఒకటే అర్థం, పొట్ట కోసి చూడటం. ఆ ఇంట్లో పుట్టిన నాకు తెలియదా? దొమ్మతో చచ్చిన జీవాన్ని కోయొద్దని, కోస్తే రోగం మట్టికీ మనిషికీ అంటుకుంటుందని ఊరూరా తిరిగి చెప్పిన నోరు నాది.

గంటకు ఆయనే చేశాడు. "కడుపుల తిల్లి గింత లావు ఉబ్బింది బిడ్డా, నల్లగున్నది," అన్నాడు, పరీక్ష పాసైనవాడిలా. తిల్లి అంటే ప్లీహం; అది అలా ఉబ్బి నల్లబడటం దొమ్మ గుర్తు.

నాలుగో రోజుకు ఆయన ముంజేతి మీద నల్లటి పుండు లేచింది. దవాఖానలో డాక్టర్ కోప్పడ్డాడు. "సచ్చిన గొర్రెను కొయ్యమని ఎవరు చెప్పిండ్రు?"

నేను పక్కనే ఉన్నాను. బాపు నా వైపు చూడలేదు.

"ఎవరు చెప్పలే సారూ. తెల్వక నేనే కోసిన."