జెర్సీ కింద చెయ్యి

ఆదివారం సాయంత్రం, వినాయక చవితి అయిన మరుసటి వారం. చింతామణిలో బట్టల అంగడి వెనకున్న గోదాము. హాజరైనవాళ్ళు: ఆ అంగడి యజమానీ మా ఫుట్‌బాల్ క్లబ్బు అధ్యక్షుడూ అయిన సత్యం శెట్టి, టమోటా మండీ కృష్ణారెడ్డి, కోచ్ నంజుండప్ప, డిఫెండరు రఘు, ప్రతి మ్యాచ్‌కీ వచ్చే మరికొందరు, నేను.

డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది. దాని కింద ఫలితం: బాగేపల్లి మూడు, చింతామణి సున్నా. చదువుకునే రోజుల నుంచీ డైరీ రాస్తున్నాను. జ్వరం వచ్చిన రోజు కూడా మానలేదు. అయినా ఆ రోజు రాయవలసిన అసలు మాట రాయలేదు. రాయకపోతే అది లేనట్టే అనుకున్నానేమో. అలా ఏమీ కాలేదు. ఇన్నేళ్ళూ అది నాలోనే ఉండిపోయింది. పొద్దున నడకకు గ్రౌండు దారిన పోకుండా రైల్వే స్టేషను వైపు తిరిగిపోయేది దాని వల్లే. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా పొలాల గట్ల మీద గొలుసు పట్టుకుని తిరిగాను. నిలబడిన చోటు నుంచి దూరాలు అంచనా వేయడం, ఒక వరస వంకర పోతే వెంటనే పట్టుకోవడం నాకు అలవాటు. ఆ అలవాటు మీద నాకు గర్వం ఉండేది. ఇప్పుడూ ఉందా? ఉంది. అది కూడా ఒప్పుకోవాలి.

ఆ ఏడు మా జట్టు వరసగా ఓడిపోతోంది. సాయంత్రం గ్రౌండు మెట్ల మీద చేరి అందరం కోచ్‌ను తిట్టేవాళ్ళం. టమోటా ధరైనా ఏదో ఒక రోజు లేస్తుంది, మన టీము లేచేది లేదు అని కృష్ణారెడ్డి అనేవాడు. ఓడేదానికి కొత్త జెర్సీలెందుకు, పాతవే ఉతికించి ఇస్తానని సత్యం శెట్టి. రాత్రికి అవే మాటలు వాట్సాప్ గ్రూపులో మళ్ళీ తిరిగేవి.

మా గొడవంతా ఒకే విషయం మీద. నంజుండప్ప తన వెనక వరస నలుగురినీ గోలుకు చాలా దూరంగా, మైదానం మధ్యకు దగ్గరగా నిలబెట్టేవాడు. అవతలివాళ్ళు బంతి ముందుకు వేసే క్షణంలో నలుగురూ కలిసి ఒక అడుగు ముందుకు వేయాలి. అప్పుడు అవతలి ఫార్వర్డు ఆఫ్‌సైడులో చిక్కుతాడు. నలుగురిలో ఒక్కడు ఆలస్యం చేసినా గోలే. అట్లాంటి గోల్స్ చాలా పడ్డాయి. వెనక ఒకణ్ణి అదనంగా పెట్టమని ఊరంతా చెప్పింది. ఆయన "చూస్తాంలేప్పా" అనేవాడు. మరుసటి వారం మళ్ళీ అదే వరస.

నేను ఊరికే మాటలు చెప్పలేదు. గ్రాఫు కాగితం మీద మైదానం కొలతలు వేసి, ఎవరు ఎక్కడ నిలబడాలో చుక్కలు పెట్టి, తీసుకుపోయి ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మంచిదప్పా" అన్నాడు. అంతే. తర్వాతి ఆదివారం మ్యాచ్‌లో వరస అంగుళం కూడా మారలేదు. దాని గురించి నేను ఎవరితోనూ అనలేదు కానీ, ఆ రోజు నుంచి ఆయన ఓడిపోవాలని మనసులో ఒక మూల కోరుకున్నాను. సొంత ఊరి జట్టు ఓడాలని కోరుకోవడం ఎట్లాంటి బుద్ధి? అప్పుడు ఆ ప్రశ్న వేసుకోలేదు. కోచ్ మారితే జట్టు బాగుపడుతుంది కదా అని దానికి పేరు పెట్టుకున్నాను.

తర్వాత ఒక వింత జరిగింది. జట్టు గెలవడం మొదలుపెట్టింది. నలుగురూ ఒకేసారి, తాడుతో లాగినట్టు ముందుకు వస్తున్నారు. ఎవరూ అరవడం లేదు. కోచ్ గట్టు మీద కదలకుండా కూర్చుంటున్నాడు. మెట్ల మీద ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నాలుగైదు మ్యాచ్‌లు వాళ్ళ కాళ్ళు చూడడం మాని చేతులు చూశాను. ఆ వరస మధ్యలో ఆడే రఘు చెయ్యి నడుము పక్కన జెర్సీ అంచు కిందికి పోతే, తర్వాతి బంతికి అందరూ అడుగు ముందుకు. చెయ్యి బయట ఉంటే ఎక్కడివాళ్ళక్కడే.

అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలిసింది. నంజుండప్ప తండ్రి పశువుల సంతలో దళారి. సంతలో ఎద్దుల బేరం నోటితో చెయ్యరు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కన నిలబడినవాడికి కూడా తెలియదు. చెయ్యి గుడ్డ కిందికి పోయిందంటే బేరం నడుస్తోందని అర్థం. ఆ పద్ధతిని ఈయన మైదానంలోకి తెచ్చాడు. చూసినప్పుడు ఆయన మీద మెచ్చుకోలు కలిగింది. ఆ మెచ్చుకోలు కన్నా, దాన్ని నేను కనిపెట్టానన్న సంతోషం పెద్దది.

బాగేపల్లితో మ్యాచ్‌కు ముందు వారం మిట్టేమరిలో మా చుట్టాల ఇంట్లో నామకరణం. భోజనాల బంతిలో నా పక్కన బాగేపల్లి వాడొకడు కూర్చున్నాడు. వాళ్ళ జట్టుకు కావలసినవాడు. మాటల మధ్యలో ఎగతాళి మొదలుపెట్టాడు.

"మీ నంజుండప్పకు ఏం తెలుసప్పా? ఏదో గాలివాటంగా గెలుస్తాండారు. మీ ఊర్లో ఆట తెలిసినోడు ఒకడన్నా ఉండాడా?"

చెప్పేశాను. ఆకు మీద వేలితో నాలుగు గీతలు గీసి, చెయ్యి ఎక్కడ పెడతాడో నా చొక్కా అంచు పట్టుకుని చూపించాను. వాడు నవ్వడం ఆపి, పప్పు కలుపుకోవడం మాని విన్నాడు. అట్లా వినేవాడు దొరికి నాకు చాలా రోజులైంది. గొప్పకు చెప్పానా, ఆ గ్రాఫు కాగితం మీది కోపంతో చెప్పానా, వాడు పోయి చెబుతాడని తెలిసే చెప్పానా? చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. మొదటి రెండూ నిజం. మూడోది కూడా కొంత నిజమే అనిపిస్తోంది. చేతులు కడుక్కునేటప్పుడే నాకు తప్పు తెలిసింది. వాడి దగ్గరికి పోయి ఎక్కడా అనొద్దని చెప్పడానికి సిగ్గుపడ్డాను. నంజుండప్పను హెచ్చరించడానికి వారం రోజులు ఉంది. అదీ చేయలేదు.

మ్యాచ్‌లో రఘు చెయ్యి జెర్సీ కిందికి పోయినప్పుడల్లా బాగేపల్లి ఫార్వర్డు రెండడుగులు వెనక్కి తగ్గాడు. మావాళ్ళు ముందుకు రాగానే వెనక నుంచి ఇంకొకడు పరుగెత్తి ఆ ఖాళీలోకి దూరాడు. మూడు గోల్సూ ఒకే రకం. గెలిచి ఉంటే చిక్కబళ్ళాపురంలో జిల్లా పోటీలకు పోయేవాళ్ళం.

గోదాములో ఆ సాయంత్రం మొదట కోచ్ మీద పడ్డారు. తర్వాత కృష్ణారెడ్డి లేచాడు. గెలిచిన సంబరంలో బాగేపల్లి వాళ్ళు అతనితో అన్నారట, మీ చెయ్యి గుట్టు మాకు ముందే తెలుసు, మిట్టేమరిలో తెలిసింది అని. అంతకు మించి చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది. రఘు అత్తగారి ఊరు మిట్టేమరి.

గోదాములో అందరి తలలూ రఘు వైపు తిరిగాయి. అతనికి అప్పుడు ముప్పై లోపు వయసు. ఆటోలకు కరెంటు పని చేసే చిన్న అంగడి ఉండేది. వాళ్ళ మామతో కూడా ఆ మాట అనలేదని, కావాలంటే ఎవరి ముందైనా ప్రమాణం చేస్తానని అన్నాడు. అత్తగారింట్లో కోడి కూర బాగుంటే ఎవురైనా నోరు జారతారు అని వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. నేనూ మిట్టేమరికి పోయి వచ్చానన్నది అక్కడ ఒక్కరికీ గుర్తు రాలేదు. నేను గుర్తు చేయలేదు. గోడకు ఆనుకుని, బట్టల మూటల మీది గుర్తులు చదువుతూ కూర్చున్నాను.

అంతసేపూ తన మీద వచ్చిన మాటలకు నోరెత్తని నంజుండప్ప అప్పుడు లేచాడు.

"వాడు చెప్పలేదు," అన్నాడు.

"నీకెట్ల తెలుసప్పా?" అని శెట్టి అడిగాడు.

"నాకు తెలుసు. వాడు చెప్పలేదు. వాణ్ణి తీసేస్తే నేనూ ఉండను."

ఏ మొండితనాన్ని మేము ఏడాది పొడుగునా తిట్టామో అదే మొండితనం. ఆ రోజు ఆ గోదాములో సరైన మాట అన్నవాడు ఆయనొక్కడే. రఘును తీసేశారు. ఆయన రఘు భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిపించుకుపోయాడు. ఆయన మళ్ళీ ఏ జట్టునూ ఆడించలేదు.

రఘుకు మిట్టేమరి అల్లుడు అన్న పేరు స్థిరపడిపోయింది. అంగడి ముందు ఆగి అట్లా పిలిచి పోయేవాళ్ళు. రెండేళ్ళకు అంగడి ఎత్తేసి చిక్కబళ్ళాపురం పోయాడు. ఒకసారి అక్కడి బస్టాండులో కనిపించాడు. నా సంచీ అడిగి తీసుకుని బస్సు దాకా మోశాడు. పిల్లలు ఆడుతున్నారా అని అడిగాను. బంతి ఇంట్లోకి తేనియ్యలేదప్పా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. బస్సు కదిలేదాకా నిలబడ్డాడు. ఇప్పుడైనా చెప్పొచ్చు కదా అనుకుంటూ కిటికీ పక్కన కూర్చున్నాను.

అతనికి చెప్పకుండా మీకు చెప్పడం ఏమి న్యాయం? న్యాయం కాదు. ముందు ఎక్కడో ఒకచోట పూర్తిగా రాయగలిగితే తప్ప నోటికి రాదనిపించింది. రాస్తుంటే ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. దాంతో నాకు క్షమ దొరికిందనుకోవద్దు. నేనూ అనుకోవడం లేదు.

ఇక ఆ గోదాము సాయంత్రానికి మరుసటి పొద్దున జరిగింది ఒక్కటి మిగిలింది.

పాలు తెచ్చుకుని వస్తుంటే మా గేటు దగ్గర నంజుండప్ప నిలబడి ఉన్నాడు. మా ఇంటికి ఆయన రావడం అదే మొదటిసారి. నా భార్య కాఫీ ఇచ్చింది. వసారాలో కూర్చున్నాం.

"ఒక మాట చెప్పిపోదామని వచ్చినా," అన్నాడు. "నిన్న అంతమంది మాట్లాడినారు. నువ్వొక్కడివే ఆ పిల్లోని మీద నోరు తెరవలేదు. నీకూ నాకూ పడదు, అది ఊరికంతా తెలుసు. అయినా నువ్వు ధర్మంగా ఉన్నావు. రఘుకు కూడా చెప్పినా, సర్వేయరప్పను మర్చిపోవద్దురా అని."

కాఫీ చల్లారిపోతాది, తాగప్పా అన్నాను. ఆయన తాగాడు. గ్లాసు కింద పెట్టి నా ముఖం చూశాడు.

"నీ కంటికి ఏమీ తప్పదు. ఎవురు చెప్పింటారు? నీకేమన్నా అనుమానం ఉండాదా?"

"లేదప్పా," అన్నాను.

"నీకే తెలీలేదంటే ఇంగ ఎవురికీ తెలీదులే," అని లేచాడు.

గేటు దాకా వెంట పోయాను. ఆయన తొందర లేకుండా నడిచిపోతున్నాడు. పిలిస్తే వినిపించేంత దూరంలోనే చాలాసేపు ఉన్నాడు. సందు మలుపు తిరిగాడు.

అప్పుడు అనవలసిన మాట ఇది: చెప్పింది నేను, నంజుండప్పా. రఘు కాదు.