చుక్కలమ్మ, నాలుగువందల పన్నెండు పుస్తకాలు

గ్రంథాలయం వెనక గదిలో కూర్చుని, వచ్చిన ప్రతి పుస్తకం వివరాలూ కంప్యూటర్లోకి ఎక్కించే ఆవిడను అందరూ చుక్కలమ్మ అనేవారు. పుస్తకం అసలు పేరుకూ ఉపశీర్షికకూ మధ్య రెండు చుక్కలు పెట్టాలన్నది కేటలాగు నియమం. ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఒక్క జత చుక్కలు కూడా మరిచిపోలేదు. ఇంట్లో డబ్బాల మీద సైతం ‘మందులు : జలుబు’, ‘మందులు : తలనొప్పి’ అని చీటీలుండేవి. “ఏదో ఒకరోజు నా నుదుటి మీద ‘మొగుడు : పాతది’ అని అంటిస్తుంది,” అని ఆవిడ భర్త వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు. ఆవిడ మాత్రం నవ్వేది కాదు. చీటీ లేని డబ్బా ఇంట్లో ఎందుకన్నది ఆవిడ ప్రశ్న.

ఒక గురువారం కౌంటరు మనిషి రాకపోవడంతో ఆవిడ ముందు గదిలో కూర్చోవలసి వచ్చింది. అక్కడ పాఠకులు బీరువాల దాకా వెళ్ళే పద్ధతి లేదు. గోడకు తగిలించిన జాబితా చూసి, కంప్యూటర్లో వెతికి, నంబరు రాసిస్తే లోపలి నుంచి తెచ్చిస్తారు. పదకొండింటికి ఒక దర్జీ ఆవిడ వచ్చింది. మెడలో ఇంకా కొలతల టేపు వేలాడుతూనే ఉంది. చేతిలో చీటీ చూసుకుంటూ ఒక్కొక్క అక్షరమే కొట్టింది: ‘కుట్టుమిషను : మరమ్మతు, సంరక్షణ’. తెర మీద ‘ఫలితాలు లేవు’ అని వచ్చింది.

“మళ్ళీ లేదంటోందమ్మా,” అంది నీరసంగా. “మూడేళ్ళలో ఇది నాలుగోసారి రావడం. మీ గోడ మీది జాబితాలోంచే రాసుకున్నాను, చూడండి.”

“లేకపోవడమేంటి? నా చేత్తో నేనే ఎక్కించాను!”

చుక్కలమ్మ విసురుగా లోపలికి వెళ్ళి, మూడో బీరువాలో చెయ్యి పెట్టి, చూడకుండానే పుస్తకం లాగింది. తీరా చూస్తే అట్ట మీద ఎర్ర చీటీ! ఎర్ర చీటీ అంటే మూడేళ్ళుగా ఎవరూ తీసుకెళ్ళని పుస్తకమని గుర్తు. అలాంటివి నాలుగువందల పన్నెండు తేలాయి. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి తుక్కు కాగితాల బండి వచ్చి వాటిని ఎత్తుకుపోతుంది. చీటీ పడ్డ పుస్తకాన్ని ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు.

“రేపు మూడున్నరకి రండి. ఈలోగా నేనేదో ఒకటి చేస్తాను,” అని దర్జీని పంపించి, తుక్కు జాబితా తెప్పించుకుంది. ఒక పేజీ చదివింది. రెండోది చదివింది. మూడోది సగంలో ఆపి, మళ్ళీ మొదటి పేజీ తిప్పి చూసింది. ప్రతి పేరులోనూ రెండు చుక్కలున్నాయి. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టిందీ సరిగ్గా మూడేళ్ళ కిందటే.

ఆ సాఫ్ట్‌వేర్ బాగోగులు చూసే కంపెనీలో పనిచేసేది ఎవరో కాదు, సాక్షాత్తూ ఆవిడ తమ్ముడి భార్య.

“ఈ టైములో ఫోనేంటి వదినా? అన్నయ్యతో గొడవా?”

“మీ అన్నయ్య సంగతి తరవాత. నువ్వు పొద్దున్నే ఇక్కడుండాలి. పుస్తకాల ప్రాణం మీదికొచ్చింది.”

శుక్రవారం తొమ్మిదింటికల్లా మరదలు లాప్‌టాప్‌తో దిగింది. పావుగంట చూసి, నాలుక కరుచుకుంది.

“దొరికింది వదినా. ‘రచయిత : ఫలానా’ అని కొడితే రచయితల పేర్లుండే గడిలోనే వెతకమని కదా అర్థం? చుక్కల ముందు ఏ మాటొచ్చినా ఇది గడి పేరే అనుకుంటోంది. కుట్టుమిషను అనే గడి కోసం వెతికి, లేకపోయేసరికి చేతులెత్తేస్తోంది. మేం పరీక్షించినప్పుడు ఒక్కొక్క మాటే కొట్టి చూశాం. పూర్తి పేరు కొట్టి చూడాలని ఎవరికీ తట్టలేదు.”

చుక్కలమ్మ కుర్చీలో కూలబడింది. కంచే చేను మేసిందంటే ఇదే. జాబితాలో ఆ చుక్కలు పెట్టింది తనే, గోడకు తగిలించిందీ తనే. ఆవిడకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

“చుక్కలన్నీ తీసెయ్యి అమ్మాయ్. పుస్తకాలు మిగిలితే చాలు.”

“నీకేమైనా జ్వరమా? ఇళ్ళల్లో జనం రాసిపెట్టుకున్న చీటీల్లో చుక్కలు ఎవరు తీస్తారు? మారాల్సింది నీ చుక్కలు కాదు, నా ప్రోగ్రాము.”

గ్రంథాలయాధికారి మాత్రం ఖచ్చితమైన మనిషి. “నాలుగింటిలోగా నాలుగువందల పన్నెండూ దొరుకుతాయని చూపించండి, బండిని వెనక్కి పంపిస్తాను. ఒక్కటి తగ్గినా జాబితా జాబితాయే,” అన్నాడు.

ఇక చూడాలి ఆ గదిలో సంబరం! మరదలు రెండు చుక్కల్ని ఖాళీ జాగాగా లెక్కించమని రాసింది. కుట్టుమిషను టపీమని దొరికింది. తేనెటీగల పెంపకం దొరికింది. బావుల తవ్వకం దొరికింది. వదినా మరదళ్ళు చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టుకున్నారు. అంతలో చుక్కలమ్మకు అనుమానమొచ్చి, అధికారి రోజూ వెతికే తీరులో ‘రచయిత :’ అని ఒక పేరు కొట్టింది. అది రచయితల గడి వదిలేసి, ఊళ్ళో ఉన్నవన్నీ ఏకరువు పెట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటు!

మరదలు మళ్ళీ రాసింది. చుక్కల ముందున్నది నిజంగా గడి పేరైతే గడిలో వెతకాలి, కాకపోతే మామూలు మాటగా తీసుకోవాలి. ఈసారి తుక్కు జాబితా మొత్తాన్నీ వరసగా వెతికించారు. తెర మీద దొరికినవాటి అంకె పెరుగుతూ పోయింది. మూడొందలు దాటింది. నాలుగొందలు దాటింది. నాలుగువందల పదకొండు దగ్గర ఆగిపోయింది. గడియారం మూడుంబావు చూపిస్తోంది.

దొరకని ఆ ఒక్కటీ ‘రచయిత : ఒక వృత్తి, వంద తిప్పలు’.

“ఒక వృత్తి వంద తిప్పలు అనే రచయిత కోసం వెతుకుతోంది వదినా!” అని మరదలు తల పట్టుకుంది. చుక్కలమ్మ ఆ కంగారులోనూ పకపకా నవ్వింది. నవ్వుతుంటేనే ఉపాయం తట్టింది.

“నేనైతే ఒక బీరువాలో లేదని ఊరుకుంటానా? పక్క బీరువాలో కూడా చూస్తాను. దానికీ ఆ బుద్ధి నేర్పు. గడిలో దొరక్కపోతే, మామూలు మాటల్లా మళ్ళీ వెతకమను.”

మరదలు వెంటనే కీబోర్డు మీద పడింది. బయట బండి హారను వినిపించింది. అధికారి వచ్చి వాళ్ళ వెనక నిలబడ్డాడు. అంకె మళ్ళీ మొదటి నుంచి ఎక్కింది. నాలుగువందల పదకొండు. నాలుగువందల పన్నెండు! చుక్కలమ్మ వేసిన కేకకు చదువుకుంటున్న వాళ్ళంతా తలలెత్తి చూశారు. నిశ్శబ్దం పాటించండి అన్న బోర్డు కూడా ఆవిడ రాసిందే.

“యంత్రం చెబితే సరా?” అన్నాడు అధికారి. అప్పటికే దర్జీ ఆవిడ కౌంటరు దగ్గరికి వచ్చి ఉంది. ఎవరూ చెప్పకుండానే చీటీ తీసి, ఒక్కొక్క అక్షరమే కొట్టింది, రెండు చుక్కలతో సహా. కొట్టి, తెర వంక చూసి, “అమ్మా, ఉందంటోంది!” అంది. అధికారి పుస్తకం అందుకుని, ఎర్ర చీటీ గోటితో గీకి తీసి, పుస్తకాన్ని కౌంటరు మీద పెట్టి, బండివాడిని వెళ్ళిపొమ్మని చెప్పడానికి బయటికి నడిచాడు.

తేదీ ముద్ర వెయ్యడం చుక్కలమ్మ పని కాదు. అయినా ముద్ర తనే అందుకుని, అట్ట లోపల మూడేళ్ళుగా ఖాళీగా ఉన్న తేదీల కాగితం మీద గట్టిగా వేసింది. అది వంకరగా పడింది. ఇంకెప్పుడైనా అయితే ఆ కాగితం చించి మరొకటి అతికించేది. ఆ రోజు మాత్రం పుస్తకం అలాగే మూసి, దర్జీ చేతిలో పెట్టింది.