తాళం వేసిన ఇళ్ళ లెక్క

మా వీధి లెక్కల టీచరమ్మ పోయిన మంగళవారం కన్ను మూసింది. ఆ పూట ఊర్లో లేని నాకు ఆ సంగతి ఫోనులో చెప్పింది ఆమె దగ్గర చదువుకున్న వెనక సందు అమ్మాయి. "తాతా, టీచర్ పోయినారు. నిద్రలోనే," అంది. నేను "సరేమ్మా" అన్నాను. డెబ్బై ఆరేళ్ళ వాణ్ణి, దొరికిన బస్సెక్కి ఇంటికి బయల్దేరాను.

మద్రాసు వ్యాసర్పాడిలో మావి పక్కపక్క వాటాలు. ఆమె ఇక్కడి తెలుగు బడిలో పదో తరగతికి లెక్కలు చెప్పేది. నాకు బడి లేదు. పెరంబూరు వర్క్‌షాపులో బోగీలకు రంగులు వేస్తూ, వాటి మీద నంబర్లు రాస్తూ నేర్చుకున్నదే నా చదువు. ఒకసారి ఒకే బోగీకి రెండు వైపులా రెండు నంబర్లు వేశాను. అది ఏ బోగీయో తేల్చడానికి ఒక పూట పట్టింది. ఫోర్‌మన్ నన్నేమన్నాడో ఇక్కడ రాయలేను. ఎక్కడికో పోతున్నాను. టీచరమ్మ ఉంటే "అన్నా, విషయానికి రాండి" అనేది.

నా పేపరు నాకన్నా ముందు ఆమె చదివేది. అది నా చేతికి తిరిగొచ్చేసరికి 'సగటున' అనీ, 'నూటికి ఇంతమంది' అనీ ఉన్న చోటల్లా ఎర్ర సిరా గీతలుండేవి. పక్కన ఒకటే ప్రశ్న: "ఎవర్ని అడిగినారు?" పెళ్ళి ప్రకటనలను కూడా వదిలేది కాదు. 'అందమైన వధువు' అని ఉంటే "ఎవరు చూసి చెప్పినారు?" అని రాసేది.

పిల్లలకు కూడా అలా అడగడం నేర్పాలని ఆమె పట్టు. "పబ్లిక్ పరీక్ష పెట్టుకొని వీధుల్లో తిప్పేదేందమ్మా? పోర్షన్ ఎప్పుడు ముగిస్తారు?" అని హెడ్మిస్ట్రెస్ కేకలేస్తే, "సగటు కట్టేది పుస్తకంలో ఉండాది మేడమ్. దాన్ని ఎప్పుడు నమ్మకూడదో లేదు. అది నేను చెప్తా," అందట.

ఒక ఏడాది ఎండలు ముదరకముందే కుళాయిలు ఎండిపోయాయి. నీళ్ళ లారీ పొద్దున పదింటికి మా వీధి మొదట్లో ఆగేది. వెనక సందు ఆడవాళ్ళు అప్పటికే ఇళ్ళకు తాళం వేసి పనుల్లోకి పోయుండేవాళ్ళు. సాయంత్రం వాళ్ళకు మిగిలేది బోరింగు ఉప్పునీళ్ళే. నాకు ఫోను చేసిన అమ్మాయి అప్పుడు పదో తరగతి. వాళ్ళమ్మ తేల్చి చెప్పేసింది: "వచ్చే నెల నుంచి ఇంటికాడ ఉండి నీళ్ళు పట్టు. పరీక్ష ఇంకో ఏడు రాసుకోవచ్చు. లారీ పోతే మళ్ళా రాదు."

ఆ పిల్ల బడిలో నిలవాలంటే లారీ వేళ మారాలి. టీచరమ్మ ఒక రోజు లెక్కల పీరియడులో క్లాసు మొత్తాన్నీ గుంపులు చేసి మా వీధికి పంపింది. ఏ ఇంటికి ఎన్ని బిందెలు అందుతున్నాయో రాయడం పని. వీధి పెద్దగా నన్ను వెనక సందు గుంపుకు తోడు పెట్టింది; ఆ పిల్ల వేరే గుంపులో ఉంది. తాళాలున్న చోట పిల్లలు నిలబడి నా వైపు చూశారు. "తాళంకప్పను అడుగుతారా ఏంబా? వదిలేసి రాండి," అన్నాను. నా తెలివికి నేనే నవ్వుకున్నాను కూడా.

పిల్లలు సగటు కట్టిన ఆ కాగితం పట్టుకొని టీచరమ్మా నేనూ నీళ్ళ ఆఫీసుకు పోయాం. ఆఫీసరు చదివి, నిమ్మళంగా అన్నాడు: "ఇంటికి తొమ్మిది బిందెలని మీ పిల్లలే రాసినారు గదమ్మా! ఇంకేం కావాల?"

ఆమె కాగితం మడిచి పట్టుకొని బయటికి నడిచింది.

ఆ సాయంత్రం పిల్లలందరూ ఆమె వాకిట్లో చేరారు. వెనక సందు అమ్మాయి కాగితం పైనుంచి కిందికి రెండుసార్లు చూసి, "మా ఇల్లు ఇందులో లేదు టీచర్," అంది.

"నేనే వదిలేయమన్నా," అన్నాను.

"మీరు చెప్పినారు సరే, నేనెట్లా చూసుకోలేదు? పేపర్లోళ్ళను రోజూ అడుగుతాండానే," అంది టీచరమ్మ. పిల్లల వైపు తిరిగి, "తప్పు నాది. రాసుకోండి. ఇంట్లో లేనోళ్ళు కూడా ఊర్లో ఉన్నోళ్ళే," అంది.

రెండోసారి సగటు కట్టనివ్వలేదు. అట్ట మీద ఒక్కో ఇంటికి ఒక్కో గీత గీయించింది. బిందెలెన్నో గీత అంత పొడుగు. తాళం వేసిన ఇళ్ళకు నంబరు రాసి, గీత చోటు ఖాళీగా ఉంచమంది. వీధి మొదట్లో గీతలు పొడుగ్గా ఉన్నాయి. వెనక సందుకు వచ్చేసరికి అట్టంతా తెలుపు. ఆ అట్ట చూసి ఆఫీసరు ఈసారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇది మొదటే తెచ్చుండొచ్చు గదమ్మా," అన్నాడు.

"మొదట మాకూ తెలీదు సార్," అంది.

పది రోజులకు లారీ తెల్లవారి ఐదున్నరకు రావడం మొదలైంది, అదీ వెనక సందు మలుపు దాకా. ఆ అమ్మాయి పరీక్ష రాసింది. ఇప్పుడు మాధవరంలో ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తోంది.

తెల్లవారి నీళ్ళొచ్చినప్పటి నుంచీ వెనక సందులో కల్లాపి, ముగ్గు లేని వాకిలి లేదు. పనికి పోయే హడావుడిలో కూడా నాలుగు చుక్కలు పెట్టి రెండు గీతలు కలిపి పోతారు. టీచరమ్మను సాగనంపిన మర్నాడు నిద్ర పట్టక అటు నడిచాను. లారీ వచ్చి పోయింది. ప్రతి వాకిలీ ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంది. ఆ సందులో ఆమెకు మైల పట్టాల్సిన చుట్టం ఒక్కరూ లేరు. ఏ ఇంటి ముందూ ముగ్గు వేయలేదు. నేల మాత్రం తడిగా, చివరిదాకా నల్లగా మెరుస్తోంది.