భాయ్ తినకుండా వెళ్లిన శుక్రవారం

ఈ ఉదయం డ్యూటీ బండి కోసం ఈ అరబ్బు దేశంలో, అల్ మవాలేలో మా రూమ్ ముందు నిలబడి ఉంటే, ఎవరి ఫోనులోనో ధరల పెరుగుదల తగ్గుముఖం పట్టిందని వార్తలు చదువుతున్నారు. విన్నవాళ్లెవరూ తల కూడా ఎత్తలేదు. పెరగడం నెమ్మదించిందంటే పెరిగినది దిగివచ్చిందని కాదని నా వయసు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

చాలా ఏళ్ల కింద ఈ దేశానికి నేను మొదట వచ్చింది సముద్రం పక్కనున్న అల్ సువైక్‌కు. మా అక్క భర్త, బావే నన్ను తన కంపెనీలో పెట్టించాడు. రూమ్‌లో అందరికీ ఒకటే పొయ్యి, వండుకునేందుకు ఒకటే గంజు. శుక్రవారం సెలవు కనుక బావ పొద్దున్నే సముద్రం ఒడ్డుకు పోయి చేపలు తెచ్చి, చింతపండు పిసికి, మా కరీంనగర్ వైపు పద్ధతిలో పులుసు పెట్టేవాడు. పక్క రూమ్‌లో ఉండే కడప టైలర్ భాయ్ జుమ్మా నమాజు ముగించుకుని, వేడి ఖుబూస్ రొట్టెలు పట్టుకుని, పిలవకుండానే వచ్చి బావ పక్కన కూర్చునేవాడు. పిల్లల చదువుల గురించీ ఊళ్లో వానల గురించీ వాళ్లిద్దరూ మాట్లాడుకుంటూ తింటుంటే పరాయి దేశంలో ఉన్నానన్న సంగతే నాకు గుర్తుండేది కాదు.

తర్వాత బియ్యం, నూనె, ఉల్లిగడ్డ అన్నీ ఎక్కుతూ పోయాయి, జీతం మాత్రం ఉన్నచోటే ఉంది. ఎవరు ఎక్కువ తింటున్నారన్న గొణుగుడు మొదలై, చివరికి ఎవరి గిన్నె వారిదైంది. బావ ఎప్పుడో ఒకసారి మా ఇద్దరికీ సరిపడా నాలుగు చేప ముక్కలు తెచ్చేవాడు. అలాంటి ఒక శుక్రవారం పులుసు ఉడుకుతుండగా భాయ్ గుమ్మంలోకి వచ్చాడు. బావ గబుక్కున మూత పెట్టి, "ఇయ్యాల ఏం వండలే భాయ్" అన్నాడు. రూమంతా కూర వాసనే. భాయ్ "తినేసే వచ్చినాలే అన్నా, ఊరికే పలకరిద్దామని" అంటూ తెచ్చిన రొట్టెలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

బావ కలిపిన ముద్దను మళ్లీ కంచంలోనే వదిలేశాడు. కాసేపటికి గిన్నె పట్టుకుని లేచాడు, వెంట నేనూ వెళ్లాను. భాయ్ తన రూమ్‌లో నిన్న మిగిలిన ఎండు రొట్టె ఒకటి నల్ల చాయ్‌లో ముంచుకుని తింటున్నాడు. "నా నోట్లకెళ్లి ఆ మాట ఎట్లొచ్చిందో భాయ్" అంటూ బావ కింద కూలబడితే, ఆయన జరిగి చోటిచ్చాడు. ముగ్గురం ఆ గిన్నెలోంచే తిన్నాం.

ఆ తర్వాత కూడా భాయ్ మా రూమ్‌కు రావడం మానలేదు, కాని అన్నం వేళ దాటాకే వచ్చేవాడు. బావ ఎన్నిసార్లు పిలిచినా తిన్నాననేవాడు. తాను కుట్టే దుకాణం మూతపడి ఆయన కడప వెళ్లిపోయేదాకా అంతే. బావ కూడా ఊరికి చేరాక, చనిపోయేదాకా, నేను ఫోన్ చేసినప్పుడల్లా భాయ్ జాడ తెలిసిందా అని అడిగేవాడు. తెలియలేదు.

ఇప్పుడు నాతో ఉన్న కుర్రాళ్లు మంచివాళ్లే. ఎవరి నూనె సీసా వారి పెట్టెలో ఉంటుంది, ఒకరు తింటుంటే మిగతావాళ్లు మర్యాదగా మొహం పక్కకు తిప్పుకుంటారు. ధరలు నిజంగానే ఒకరోజు దిగివస్తాయేమో, కాదనను. కాని కంచం ముందు కూర్చున్నప్పుడు ఎదుటి మనిషిని రమ్మని పిలవడం ఒకసారి పోయాక, అది మళ్లీ వస్తుందని మాత్రం నాకు నమ్మకం కుదరడం లేదు.