నీడలో కొలిచిన ఎండ

ఎండ సారు చనిపోయారు. ఉప్పుగూడలో కూలి కోసం నిలబడే మా అడ్డాకు మొన్న పొద్దున్నే ఆయన కోడలు వచ్చి చెప్పింది. ముందురోజు మధ్యాహ్నం రేకుల గదిలో పడుకున్న మనిషి సాయంత్రం లేవలేదట. డాక్టరు గుండె ఆగిందన్నాడు. ఎండే చంపిందని నేనంటాను. సారు బతికుంటే నన్నే నిలదీసేవారు: "ఎట్ల తెలుసు మేస్త్రీ? కొలిచినవా?"

వాతావరణం ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. అడ్డా పక్క చాయ్ హోటల్ గోడకు, నీడ పడే వైపు, తెల్ల చెక్క డబ్బా బిగించి, అందులో వేడి కొలిచే గాజు గొట్టం పెట్టారు. రోజూ వచ్చి చూసేవారు. ఎంత ఎండైనా సాసర్లో చాయ్ పోసుకుని తాగేవారు. అందుకే ఎండ సారు.

నేను గోడలు కట్టినవాణ్ణి. ఎవరి మాటా ఊరికే ఒప్పుకోను.

"రోహిణిల రోళ్లు పగుల్తయని మా తాతనే అన్నడు. మీరు కొత్తగ చెప్పేదేంది సారూ?"

"మీ తాతకు రాత్రయితే సల్లబడేది. నీకు పడుతున్నదా?"

ఫోన్లో వీడియో చూపించాను. సూటు వేసుకున్న ఒకాయన భూమి వేడెక్కడమంతా అబద్ధమంటున్నాడు. "గీయన గూడ సదువుకున్నోడే గద?"

సారు చివరిదాకా చూశారు. "కాదనెటోని మాట గూడ వినాలె. విని, నువ్వేం కొలిచినవని అడగాలె. పదిమంది మేస్త్రీలు గుండు దారం పట్టి గోడ వంకరన్నరు. ఒకడు కంటితోని చూసి సక్కగున్నదన్నడు. ఎవల మాట వింటవ్?"

"నేనైతే కంటితోనే చెప్త."

"నువ్వు చెప్తవ్ లే," అని నవ్వారు.

మాకు కావలసింది ఒక్కటే, అడ్డా మీద నీడకు ఒక షెడ్డు. పోయిన ఎండాకాలం ఒకామె నిలబడ్డచోటే కూలిపోయింది. షెడ్డు ఇప్పించగల మా బస్తీ లీడరు ఎండ ఎంతుందో చూడడానికి వస్తున్నాడంటే మేం గొట్టాన్ని డబ్బాలోంచి తీసి ఎండలో హోటల్ కప్పు రేకు మీద కట్టాం. ఎర్ర గీత పైదాకా పోయింది. లీడరు అబ్బో అన్నాడు. అంతలో సారు వచ్చి, "ఇది గాలి వేడి కాదు, రేకు వేడి," అని అందరి ముందే విప్పేశారు. లీడరు నవ్వి కారెక్కాడు. షెడ్డు రాలేదు.

"మా నోట్ల మన్ను గొట్టిండ్రు సారూ!" అని అరిచాను.

"ఇయ్యాల అబద్ధంతోని గెలిస్తే రేపు నిజం చెప్పినా నమ్మరు. నీడల కొలిచిందే సాలు మేస్త్రీ, మనల్ని సంపనీకి."

ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడుపడదు. లోకంలో కొలిచేవాళ్లంతా భూమి వేడెక్కుతోందనే అంటున్నారని చెప్పీ చెప్పీ ఆయన పోయారు. వినేవాడేడి? అయినా నాలాంటివాడి పక్కన కూర్చుని, విసుక్కోకుండా వాదించిన చదువుకున్న మనిషి ఇంకొకరు లేరు.

ఈరోజు లీడరు మళ్లీ వస్తాడని నిన్న కబురొచ్చింది.

"కాకా, సారు లేడు గద, ఎండల కట్టు," అన్నారు అడ్డావాళ్లు. గొట్టం తీసుకుని రేకుల దాకా పోయాను. గీత నా చేతిలోనే లేస్తోంది. అది గాలి వేడి కాదు, రేకు వేడి. తిరిగి వచ్చి డబ్బాలోనే పెట్టాను.

"ఏంది కాకా గిది! మళ్ల షెడ్డు పోయినట్టే!" ఒకటే లొల్లి.

గీత కొంచెం దిగింది. నేను దాని ముందే కూర్చున్నాను. పొద్దెక్కేకొద్దీ, ఆ నీడలోనే, అది మళ్లీ మెల్లగా పైకి రావడం మొదలుపెట్టింది.