రేణుకమ్మ వంటింట్లో కొనేటోడు

సొంత ఇంట్లో, సొంత పొయ్యి ముందు, పీట ఎక్కి నిలబడి వంట చేసుకున్న మనిషి రేణుకమ్మ. అది మామూలు పీట కూడా కాదు. పెళ్లినాడు నిరంజన్ పక్కన ఆమెను కూర్చోబెట్టిన పీట. అప్పుడు దాని మీద కూర్చుంటే నెత్తిన అక్షింతలు పడ్డాయి. గద్వాలలో ఫ్లాటు కొన్నాక దాని మీద నిలబడితే భుజాలు పడిపోయాయి. ఆమె ఎవరితోనూ అనలేదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు "పొయ్యికాడ పీటెందుకే?" అని అడిగితే, "నేనే జర పొట్టి" అని తప్పు తన మీదే వేసుకునేది.

రేణుకమ్మ పొట్టి కాదు. మన దిక్కు ఆడవాళ్లు ఎంత ఉంటారో అంతే ఉంటుంది. పొయ్యి గట్టే ఎత్తు. ఆ గట్టు ఆమె కోసం కట్టింది కాదు మరి. కొనేటోడి కోసం కట్టింది.

కొనేటోడంటే ఎవరో చెప్పాలి. నిరంజన్‌ది మల్దకల్. పత్తి విత్తనాల ఆర్గనైజరు. అంటే కంపెనీ విత్తనం రైతుకిచ్చి, పండిన విత్తనాన్ని మళ్లీ కంపెనీకి చేర్చే మధ్యమనిషి. ఆ వ్యాపారంలో నీతి ఒక్కటే: పండించేది మనం, మంచిచెడ్డలు చెప్పేది కొనేటోడు. గింజ బాగాలేదని కొనేటోడంటే బాగాలేనట్టే. పొద్దంతా పత్తి పూలు గిల్లి, పుప్పొడి రుద్ది క్రాసింగు చేసిన ఆడకూలీల వేళ్లు ఎట్లా ఉన్నాయని కొనేటోడు అడగడు. కాబట్టి నిరంజన్ కూడా అడగడు. చెప్పులైతే గుమ్మం బయట విడిచేవాడు గానీ, ఈ నీతిని మాత్రం ఇంట్లోకే వేసుకొచ్చాడు.

అవి రెండువేల ఏడు నాటి రోజులు. జొన్నచేలల్లో జొన్నలకన్నా ముందు ప్లాట్ల రాళ్లు మొలుస్తున్నాయి. బీచుపల్లి అంజన్న దర్శనానికి పోయినవాళ్లు సైతం కొబ్బరికాయ కొట్టి, తీర్థం తీసుకుని, పక్కవాడిని "మీ దిక్కు గజం ఎట్లున్నది?" అని అడిగేవాళ్లు. నిరంజన్ ఫ్లాటు కొన్నది ఉండటానికి కాదు, అమ్మటానికి. అమ్ముడుపోయేదాకా ఎక్కడో ఒకచోట ఉండాలి కాబట్టి అందులో ఉన్నాడు.

ఇక ఆ ఇంటి కట్టుబాట్లు వినండి. గోడకు మేకు కొట్టకూడదు, కొనేటోడికి బొక్క కనిపిస్తుంది. అందుకని మల్దకల్ వెంకన్న కేలండరు ఏడాదంతా బీరువాలో దుప్పట్ల కింద పవళించింది. తులసి కుండీ పెట్టకూడదు, కొనేటోడి బాల్కనీలో మట్టి మరక పడుతుంది. మరుగుదొడ్లు రెండూ కుర్చీలాంటివే ఉండాలి, కొనేటోడికి అవే అలవాటు. నిరంజన్‌కు అలవాటు లేదు. అందుకని పొద్దున్నే మోటర్‌సైకిలేసుకుని చేను చూసొస్తానని పోయేవాడు. చేను ఏమాత్రం ఎదిగిందో ఎన్నడూ చెప్పలేదు.

గట్టు బండ ఎంచుకోవటానికి రేణుకమ్మను కూడా దుకాణానికి తీసుకుపోయాడు. అదీ గౌరవంతో కాదు. ఇంటికి ఆడమనిషి కూడా ఉందని చూపిస్తే బేరం తెగుతుందని.

రాయచూరు రోడ్డు మీద చెన్నయ్య గ్రానైటు దుకాణం. నల్లబండ మీద తడిగుడ్డ తుడిచాడు చెన్నయ్య. చీకట్లో చుక్కలు పొడిచినట్టు మెరిసింది.

"గిది గెలాక్సీ సార్. చూడుండ్రి, మీ మొఖం మీకు కనవడ్తది."

"రొట్టె కొట్టుకుంట నా మొఖం నేను చూసుకోవాల్నా?" అంది రేణుకమ్మ.

చెన్నయ్య నవ్వాడు. నిరంజన్ నవ్వలేదు. రేణుకమ్మ మూలకు పోయింది. అక్కడ మెరుపూ మాటకారితనమూ లేని కడప బండలు గోడకు ఒరిగి ఉన్నాయి. అరచెయ్యి ఆనించి రెండు దెబ్బలు చరిచి చూసింది.

జొన్నరొట్టె సంగతి తెలిసినవాళ్లకు ఆ రెండు దెబ్బలు అర్థమవుతాయి. అది చపాతీ కాదు, కర్రతో సాగదీస్తే సాగదు. ఉడుకు నీళ్లతో పిసికిన పిండిని అరచేత్తో కొట్టి కొట్టి, తిప్పి తిప్పి, చందమామంత చేయాలి. ఒంటి బరువంతా భుజంలోంచి అరచేతిలోకి దిగాలి. మనిషి పైన ఉండాలి, పిండి కింద ఉండాలి. పిండి రొమ్ముల ఎత్తున ఉంటే అది రొట్టె కొట్టడం కాదు, తలుపు కొట్టడం.

"ఏమయ్యా, గీ కడప బండ చాలు. జర కిందికి పెట్టిచ్చుకుందాం. రొట్టెకు మంచిగుంటది."

"నీకు తెల్వదు తీ. కడప బండ చూస్తే కొనేటోడు ఏమనుకుంటడు? జొన్నరొట్టెలు తినేటోళ్ల ఇల్లనుకుంటడు."

"తింటలేమా?"

"మనం తింటం. ఇల్లు తినదు గద!"

"గా కొనేటోడు ఎవరయ్యా? ఏ ఊరు?"

"ఏ ఊరైతేంది! హైదరాబాదోడు గావొచ్చు, కర్నూలోడు గావొచ్చు."

"ఆయన పెండ్లాం ఎంతెత్తు ఉంటదో అది గూడ ఎరికేనా నీకు?"

చెన్నయ్యకు దగ్గు వచ్చింది. "అక్కా, ఎత్తుకు పరేషాన్ గాకు. అందరికీ స్టాండర్డే" అన్నాడు.

ఆ స్టాండర్డ్ అనే పెద్దమనిషిని ఇంతవరకూ ఎవరూ చూసిన పాపాన పోలేదు. కొనేటోడికి అన్న అయి ఉంటాడు.

గట్టు పెట్టటానికి వడ్డేపల్లి నుంచి దానియేలు మేస్త్రీ వచ్చాడు. పనిమంతుడే. కాకపోతే మనిషి తాటిచెట్టంత ఉండేవాడు, గట్టు ఎత్తును తన బెల్టు దగ్గర చూసుకునేవాడు. టేపు పట్టినా చివరికి బెల్టుకే తగిలేది. రేణుకమ్మ వచ్చి తన మోచేతి కింద చెయ్యి పెట్టి చూపించింది.

"అన్నా, గీడికి పెట్టరాదు?"

"గట్టంటే గింతే ఉంటదక్కా. ఇన్ని ఇండ్లకు పెట్టిన, ఎవ్వరేమనలే."

"నువ్వు అడిగినవా ఆడోళ్లను?"

"మేం ఓనర్ల నడుగుతం గని, ఆడోళ్లనెందుకు అడుగుతమక్కా?"

"మరి నేనెవర్ని?"

దానియేలుకు ఈ ప్రశ్న కొత్త. జవాబు కోసం నిరంజన్ వైపు చూశాడు. "కానియ్యి, కానియ్యి. సిమెంటు గట్టివడ్తది" అన్నాడు నిరంజన్. అక్కడితో రేణుకమ్మ ఎవరన్నది తేలిపోయింది. ఇంతకీ దానియేలు భార్య ఇంటి దగ్గర నేల మీద మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని వండేది. ఆమె ఎత్తు కూడా ఎవరూ కొలవలేదు.

గట్టు వచ్చింది. దాని వెంట పీటా వచ్చింది. బండ మీద గీతలు పడతాయని నిరంజన్ ప్లాస్టిక్కు గుడ్డ పరిచాడు. పసుపు పడకూడదు, చింతపండు పులుసు పడకూడదు, నిమ్మకాయ కోయకూడదు. "రొట్టెలు అసలే కొట్టొద్దు" అన్నాడు. రేణుకమ్మ చపాతీలు చేసింది. మొదట వాటిని తోసేసింది కూడా నిరంజనే. "రొట్టె లేకుంటే అన్నం తిన్నట్టే ఉండదు" అంటూ. మొగుడికి రొట్టె కావాలి, బండకు రొట్టె వద్దు. మధ్యన పీట మీద రేణుకమ్మ.

జారే ప్లాస్టిక్కు మీద, మునివేళ్ల మీద లేచి, చేతులు ఎత్తి రొట్టెలు కొట్టింది. వానాకాలం పోయి చలికాలం వచ్చేసరికి కుడిచెయ్యి జడ వేసుకోవటానికి కూడా లేవలేదు. దవాఖానకు పోతే డాక్టరు భుజం తిప్పి చూసి, "ఎత్తు మీద పని చేయకమ్మా, చెయ్యి పూర్తిగా పట్టేసుకుంటది" అని చెప్పాడు. బయటికి వచ్చాక నిరంజన్ ధైర్యం చెప్పాడు.

"ఎన్నిరోజులే! అమ్మినంక మల్దకల్ ఇంట్ల కింద కూసోని చేసుకుందువుగని."

"గప్పటికి చెయ్యి ఉండాల్నా వద్దా?"

"నీదంతా మొండి మాట."

ఓనాడు పీట జారింది. రేణుకమ్మ పడబోయి బండ అంచు పట్టుకుంది. చేతిలోని పప్పుగిన్నె బండ మీద పడి, ఎగిరి నేల మీద పడింది. ఉడుకు పప్పు మణికట్టు మీద చిందింది. ఆ చప్పుడుకు నిరంజన్ హాల్లోంచి ఉరికి వచ్చాడు. ఉరికి వచ్చాడు సరే, మొదట ఎటు చూశాడు?

"అయ్యో! బండకేం కాలే గద?"

రేణుకమ్మ చెయ్యి నల్లా కింద పెట్టుకుంది. ఆ రోజే వంటింటి వెనక వాష్ ఏరియాలోకి పోయి, మెట్లు వేసినప్పుడు మిగిలిన కడప బండ ముక్కను ఇటుకల మీద ఆనించి, చిన్న స్టవ్వు కింద దించి, కూర్చుంది. బట్టలు ఉతికే ఆ ఇరుకులో మళ్లీ రొట్టె చప్పుడు వినిపించింది. గెలాక్సీ మాత్రం లోపల పట్టుచీర కట్టుకున్న పెద్దింటి కోడలిలా పని ముట్టకుండా మెరుస్తూ ఉండిపోయింది.

రియల్ ఎస్టేటు చల్లబడింది. రాళ్లు మొలిచిన చేలల్లో కంప మొలిచింది. ఎట్టకేలకు ఒక ఆదివారం నిజంగానే కొనేటోడు వచ్చాడు. పేరు కురుమూర్తి, వనపర్తిలో టీచరు, గద్వాలకు బదిలీ అయ్యింది. వెంట భార్య విజయమ్మ, నాగర్‌కర్నూలు దిక్కు మనిషి. నిరంజన్ తెల్లవారే ప్లాస్టిక్కు గుడ్డ తీసి, బండకు కొబ్బరినూనె రాశాడు. పీటను మంచం కిందికి తోశాడు. "వాష్ ఏరియా తలుపు తియ్యకు" అని రేణుకమ్మకు చెప్పాడు.

కురుమూర్తి బండలో తన ముఖం చూసుకుని మీసం సవరించుకున్నాడు. విజయమ్మ గట్టు ముందు నిలబడి చేతులు చాపింది. చేతులు రొమ్ముల దాకా లేచాయి.

"అక్కా, దీని మీద రొట్టె ఎట్ల కొడ్తున్నవు?"

"మా ఇంట్ల రొట్టెలు తక్కువే మేడం. అంతా చపాతి" అన్నాడు నిరంజన్.

విజయమ్మ రేణుకమ్మ మోచేతి వైపు చూసింది. అక్కడ జొన్నపిండి అంటుకుని ఉంది. ఒకరినొకరు చూసుకున్నారు. రేణుకమ్మ పోయి వాష్ ఏరియా తలుపు తీసింది.

విజయమ్మ ఆ ఇరుకులో కూర్చుని, కడప బండ మీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచింది. అచ్చం అవే రెండు దెబ్బలు. "ఇగో, గిది మంచిగున్నది! ఏమయ్యా, మనం తీసుకుంటే ఆ నల్లబండ తీపిచ్చి గీ తీరుగ కిందికి పెట్టిచ్చుకుందాం."

"పిచ్చి లేసిందా?" అన్నాడు కురుమూర్తి. "అంత మంచి బండను ఎవడన్న తీపిస్తడా? రేపు మనం అమ్మేటప్పుడు కొనేటోడు ఏమంటడు?"

"గట్ల చెప్పండి సార్!" అన్నాడు నిరంజన్, తప్పిపోయిన తమ్ముడు దొరికినంత సంబరంగా.

రేణుకమ్మకు నవ్వు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ఇన్నాళ్లు పీటెక్కి ఎవడి కోసం వండిందో ఆ మహానుభావుడు ఎదురుగా నిలబడి, ఇంకో కొనేటోడి పేరు చెబుతున్నాడు. వాడూ వస్తాడు, వాడూ ఇంకొకడి పేరు చెబుతాడు. గట్టు మాత్రం ఎన్నటికీ దిగదు. నవ్వుతుండగానే కుడిభుజం కలుక్కుమంది.

కురుమూర్తి ఆలోచించి చెబుతానని వెళ్లిపోయాడు. విజయమ్మ గుమ్మం దగ్గర ఆగి, "నీకన్న గా బండ ముక్క ఉన్నదక్కా, నాకు అది గూడ దొరకదు" అని గుసగుసలాడి పోయింది.

ఆ మాట రేణుకమ్మను నిద్రపోనివ్వలేదు. నిరంజన్ చేను మీదికి పోయిన రోజు చూసి దానియేలుకు కబురు పెట్టింది.

"సార్ చెప్పిండా అక్కా?" అన్నాడు దానియేలు, సంచి దించకుండానే.

"నేను చెప్తున్న."

"సార్ ఒచ్చి నన్నేమన్న అంటే?"

"కొనేటోడు ఒచ్చి చెప్పిండని చెప్పు."

"ఎవరక్కా కొనేటోడు?"

"నేనే. నా చెయ్యి పెట్టి కొన్న గీ ఇంటిని. చాలదా?"

దానియేలు నెత్తి గోక్కున్నాడు. తర్వాత టేపు తీశాడు, మళ్లీ సంచిలో వేసుకున్నాడు. "అయితే నిలవడక్కా" అన్నాడు. రేణుకమ్మ గోడ పక్కన వట్టి కాళ్లతో నిలబడి మోచెయ్యి మడిచింది. దానికి బెత్తెడు కింద అతను పెన్సిలుతో గీత గీశాడు. చెవి వెనక పెన్సిలు పెట్టుకుని ఆ గీత వైపు కాసేపు చూశాడు. "మా ఇంటామెకు ఇంక కిందికి వస్తది గావొచ్చు" అన్నాడు.

పొయ్యి వైపు సగం గెలాక్సీ లేచింది. ఆ గీత దగ్గర కడప బండ దిగింది.

సాయంత్రం నిరంజన్ వచ్చి చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ముంచినవే! సగం మీద, సగం కింద! కొనేటోడు చూస్తే ఏమంటడే!" అని అరిచాడు. రేణుకమ్మ కొత్త గట్టు మీద టపటపా రొట్టె కొట్టి, పెనం మీద కాల్చి, ఉల్లిగడ్డ కారంతో కంచంలో పెట్టి ముందుకు జరిపింది.

"ముందు నువ్వు తిను. కొనేటోనికి ఒకటి గంపల ఉంచిన."

నిరంజన్ తిన్నాడు. అరుస్తూనే తిన్నాడు, రెండోది కూడా అడిగాడు. ఫ్లాటు ఇంకా అమ్ముడుపోలేదు. రేణుకమ్మ చెయ్యి పూర్తిగా లేవదు గానీ, జడ మాత్రం ఆమే వేసుకుంటోంది. పెళ్లిపీట మీద ఇప్పుడు నీళ్ల బిందె ఉంది.

ఇది చదివి నవ్వుకున్నవాళ్లు లేచి మీ వంటింట్లోకి ఒకసారి పోయి చూడండి. పొయ్యి ముందు పీట గానీ, బోర్లించిన డబ్బా గానీ, మునివేళ్ల మీద లేచిన మడమలు గానీ కనిపిస్తే గట్టు దించండి. ఈ ఏడాది ఇల్లు కట్టిస్తున్నవాళ్లు మేస్త్రీ ఇటుక పెట్టకముందే వండే మనిషిని పిలిచి నిలబెట్టండి. మోచేతికి బెత్తెడు కింద గీత గీయించండి. మేస్త్రీలు కూడా ఓనరును అడిగే ముందు ఆమెను అడగండి. అమ్మేటప్పుడు కొనేటోడు ఏమంటాడో అని ఇంకా భయపడే మగవాళ్లు ఒక వారం ఆ గట్టు మీద మీరే జొన్నరొట్టెలు కొట్టండి. ఆ తర్వాత ధర మాట్లాడుదాం.