పక్క సీటావిడ కూనిరాగం

ద్రాక్షారామం నుంచి రాజమండ్రి వచ్చే బస్సులో నా పక్కన ఒక నడివయసు ఆవిడ కూర్చుంది. ఫోన్‌లో ఒకే పాట మళ్లీ మళ్లీ పెట్టుకుని వింటోంది. అది రాజమండ్రి కుర్రాళ్ల బ్యాండు కట్టిన పాట. నాకూ అక్కడే ఒక బ్యాండు ఉంది. వాళ్లూ మేమూ ఒకే ఏడాది మొదలుపెట్టాం, కానీ ఊళ్లో ఏ ఫంక్షన్ జరిగినా వాళ్లనే పిలుస్తారు.

“ఆ పాటలో అంత ఏముందండీ?” అన్నాను ఉండబట్టలేక.

“ఏమో బాబూ, వింటుంటే మోకాళ్ల నొప్పులు గుర్తురావట్లేదండి” అని నవ్వింది.

“మా పాట కూడా ఒకటి వినండి” అంటూ నా ఫోన్ ఆవిడ చేతికిచ్చాను. కళ్లు మూసుకుని చివరిదాకా వింది.

“చాలా బాగుందండి. గొంతు మీదేనా? హాయిగా ఉంది” అని, ఫోన్‌ను కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో ఆవిడ కిటికీ వైపు తిరిగి, తనకు తెలియకుండానే కూనిరాగం అందుకుంది. వాళ్ల పాటే.

ఆ పాటంటే నాకిప్పటికీ ఒళ్లు మంటే. కానీ కొత్త పాట కట్టిన ప్రతిసారీ, కిటికీ వైపు తిరిగాక ఆవిడ దీన్ని పాడుకుంటుందా అని ఆలోచిస్తాను.